అసలుది ఆఖర్న అడిగే అలవాటు

నీట్‌లో తక్కువ మార్కులు వచ్చిన పిల్లలు స్టాఫ్ రూములోకి రారు, గుమ్మం దగ్గరే ఆగిపోతారు. మంచి మార్కులు వచ్చినవాళ్ళు మిఠాయి డబ్బా పట్టుకొని సరాసరి మన బల్ల దాకా వస్తారు. వాళ్ళకు ఇక మనతో పని లేదు. గుమ్మం దగ్గర ఆగినవాళ్ళతోనే మన ఉద్యోగం మొదలవుతుంది. సర్కారు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పడానికి కొత్తగా చేరినవాళ్ళు సలహా అడిగితే నేను చెప్పే మొదటి మాట ఇదే. కప్ప గుండెలో ఎన్ని గదులో పుస్తకంలో ఉంది. ఆ గుమ్మం దగ్గర ఏం మాట్లాడాలో ఏ పుస్తకంలోనూ లేదు.

నేను మొదట వికారాబాద్‌లో, తర్వాత తాండూరులో పనిచేసి రిటైరయ్యాను. ప్రమోషన్ల సంగతి చెప్పను. చెప్పడానికి పెద్దగా లేవు కూడా. ఒక పిల్ల గురించి, వాళ్ళ నాయన గురించి చెప్తాను. పేర్లు మార్చాను, ఊరిని కూడా కాస్త పక్కకు జరిపాను.

దుకాణంలో నేర్చింది

మాది తాండూరులో బట్టల దుకాణం. నేను చదువుకున్నది ఎక్కువగా అక్కడే, గల్లా పక్కన చాప మీద. గిరాకి ఏ చీరె కోసం వచ్చిందో ఆ చీరెను ముందుగా అడగదు. ఎర్రది కావాలంటే నీలిది తీయమంటుంది, ఆకుపచ్చది విప్పమంటుంది, రెండింటికీ వంకలు పెడుతుంది, లేచి చెప్పులు కూడా వేసుకుంటుంది. అప్పుడు మన మీద దయ తలచినట్టు, "గా ఎర్రది గూడ జర చూపియ్యుండ్రి" అంటుంది. కావాల్సింది కావాలని చెప్పినవాడు బేరంలో అక్కడికక్కడే ఓడిపోయినట్టు. కర్ణాటక నుంచి వచ్చి కన్నడంలో బేరమాడేవాళ్ళకూ ఇదే పద్ధతి.

ఈ విద్య నాకు ఎంత ఒంటబట్టిందంటే, పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చింది కదా, నచ్చినట్టు తెలిస్తే లోకువైపోతానని ముఖం ముడుచుకొని కూర్చున్నాను. వాళ్ళు అది నిజమే అనుకొని వేరే సంబంధం మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మా అమ్మ ఎండలో పోయి బతిమాలి తెచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ నేను వంట బాగుందని అంటే నమ్మదు, వంక పెడితేనే ఇంకో ముద్ద వడ్డిస్తుంది.

కాబట్టి ముందు చెప్పబోయే పనిని చూసి నవ్వే హక్కు నాకు లేదు.

సుగుణ మేడం

వికారాబాద్‌లో మా ప్రిన్సిపాల్ సుగుణ మేడం. ఆమె దగ్గర పనిచేసినంత కాలం ఆమె మీద సణిగాను. ఇప్పుడు ఆలోచిస్తే నాకు దొరికిన అసలైన పై అధికారి ఆమె ఒక్కతే.

కుల్కచర్ల వైపు నుంచి పెద్ద వ్యవసాయం ఉన్న ఇంటి పిల్లవాడు ఒకడు నీట్ తప్పి వచ్చాడు. నేను దుకాణం పద్ధతిలో తియ్యగా మాట్లాడాను. కొంచెంలో పోయింది, ఇంకోసారి రాస్తే నీదే అన్నాను. మేడం లోపలికి పిలిచింది.

"నువ్వు అమ్ముతలేవు, చదువు చెప్తున్నవ్," అంది. "చిరిగిన బట్టను చిరిగిందని చెప్పు. దాంతోటి ఇంకేం కుట్టొచ్చో తర్వాత చెప్పు. రెండూ చెప్తేనే నీకు జీతం."

అప్పటి నుంచి నా పద్ధతి అదే. నీ మార్కులకు ఎంబీబీఎస్ రాదు, ఆశ పెట్టుకోకు అని ముందే చెప్పేస్తాను. ఏడిస్తే ఏడవనిస్తాను. తర్వాత ఆయుర్వేదం ఉంది, హోమియో ఉంది, యునానీ ఉంది, వాటికీ ఇదే పరీక్ష, అవీ డాక్టరు చదువులే అని చెప్తాను. ఆ కుల్కచర్ల పిల్లవాడి నాయన మాత్రం హోమియో మాట ఎత్తగానే లేచి నిలబడ్డాడు. తియ్య గోలీల డాక్టరు మా ఇంట్ల ఉంటే నలుగుర్ల తలెత్తుకోలేమన్నాడు.

నా అభిప్రాయం అడిగితే, మనవాళ్ళు డాక్టరు చదువులకు కూడా మెట్లు కట్టారు. ఇది రాకపోతే అది, అదీ రాకపోతే ఇంకొకటి. చివరి మెట్టు దగ్గరికి వచ్చేసరికి పిల్లలు ఏడుస్తూ చేరతారు, ఏడుస్తూ చదువుతారు. హోమియో కావాలని నవ్వుతూ వచ్చిన పిల్లను నా ఉద్యోగంలో ఒక్కదాన్నే చూశాను.

అనిత

అప్పటికి నేను తాండూరు కాలేజీలో ఉన్నాను. అనితది బంట్వారం వైపు ఊరు. తల్లి లేదు. తండ్రి బీరప్ప గొర్రెలు కాస్తాడు, ఎండాకాలం వస్తే మందను తోలుకొని గడ్డి ఉన్న చోటికి వారాల తరబడి పోతాడు. ఇంట్లో మంచం పట్టిన నాయనమ్మ. పక్కింట్లో చిన్నాయన కుటుంబం.

నాయనమ్మకు షుగర్, కాలికి మానని పుండు. ఊళ్ళో సూదులు వేసే మనిషి గడప అవతలే నిలబడి, ముక్కుకు రుమాలు పెట్టుకొని, గోలీలు విసిరిపోయేవాడట. బంట్వారం దవాఖానకు తీసుకుపోతే అక్కడ హోమియో మేడం ఒకామె ఉంది. ఆమె కింద కూర్చొని, ముసలమ్మ కాలిని తన ఒళ్ళో పెట్టుకొని చూసింది. ఇది పెద్ద దవాఖానలో చూపించాల్సిన పుండు, ఆలస్యం చేయొద్దని చెప్పి చీటీ రాసింది. కాలు నిలబడింది.

"ఆ మేడం లెక్క కావాలె సార్," అంది అనిత నాతో. నేను అలవాటు ప్రకారం, క్లాసు పరీక్షల్లోనే నీ మార్కులు తక్కువ, ఎంబీబీఎస్ రాదు అన్నాను. "నాకు అది వద్దు సార్," అంది. నేను చెప్పబోయే రెండో మాటను అది ముందే చెప్పేసింది.

కోచింగ్ లేదు. ఫోన్లో పాఠాలు చూసి చదివింది. గొర్రెలోళ్ళ పిల్ల డాక్టరైతదట అని ఊళ్ళో ఎగతాళి చేస్తే, బీరప్ప ఒక్కడే దాని పక్కన నిలబడ్డాడు. పరీక్ష దగ్గరపడినప్పుడు మందను తమ్ముడికి అప్పజెప్పి, ఇంట్లో ఉండి, ముసలమ్మకు తానే అన్నం తినిపించాడు. గొర్రెల కాపరి ఎండాకాలం మందను వదలడమంటే ఏమిటో ఈ వైపు వాళ్ళకు తెలుసు.

మార్కులు అనుకున్నట్టే తక్కువ వచ్చాయి. అయినా అర్హత గీత దాటింది. వాళ్ళ కేటగిరీలో, నగరంలో ఉన్న సర్కారు హోమియో కాలేజీ అంచు మీద అందేలా ఉంది. దాని అవసరానికి అదొక్కటే సరిపోతుంది. హాస్టల్ ఉంది, శనివారం తాండూరు రైలెక్కితే ఇంటికి రావచ్చు. వారమంతా ముసలమ్మను చిన్నమ్మ చూసుకుంటానంది, శని ఆదివారాలు మాత్రం నువ్వు రావాలె అంది. దూరపు కాలేజీలో సీటొస్తే ఈ ఏర్పాటు నిలవదు.

వెబ్ ఆప్షన్ల సంగతి తెలియనివారికి ఒక్క మాట. మనకు కావాల్సిన కాలేజీలను వరుసగా పెట్టాలి. కంప్యూటరు పై నుంచి చూసుకుంటూ వచ్చి, మన ర్యాంకుకు అందిన మొదటి కాలేజీని ఇచ్చేస్తుంది. ఆ కిందివి ఇక చూడదు. ఇచ్చినదాంట్లో చేరకపోతే తర్వాతి విడతల్లో మనకు చోటు లేదని అప్పటి నిబంధన. సర్కారు కాలేజీని మొదట పెట్టు, పోలేని కాలేజీ అసలు పెట్టనే పెట్టకు అని చెప్పి, వరుస రాసిచ్చాను. తెలివైన పిల్ల, నేను పక్కన కూర్చోవాల్సిన అవసరం లేదు.

సీట్ల కేటాయింపు వచ్చిన రోజు అది మా స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది.

"సీటొచ్చింది సార్," అంది. దూరపు జిల్లాలోని ఒక ప్రైవేటు కాలేజీ పేరు చెప్పింది.

"మొదటిది రాలేదా?"

"అదే మొదటిది సార్."

నాకు అర్థం కాలేదు. రాసిచ్చిన వరుస ఏమైందని అడిగాను. నాయినకు చూపించిందట. బీరప్ప దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, సారు చదువుకున్నోడు గానీ అంగడి ఎరుకలేనోడు అన్నాడట. నా గురించి ఆ మాట అన్న మొదటి మనిషి అతడే.

"పొట్టేలును కొనవోతే దాని దిక్కు సూడొద్దు బిడ్డా అన్నడు సార్. పక్కదాన్ని అడగాలె, దాని పక్కదాన్ని అడగాలె, పోతూపోతూ అసలుది అడగాలె. మొదలే గిది గావాలంటే ఎవడిస్తడు, నెత్తిమీదికెక్కి కూసుంటడు అన్నడు. అందుకే వద్దన్నయన్నీ పైన వెట్టిన. మనది అడుగుకు వెట్టిన."

"నువ్వు చెప్పలేదామ్మా?"

"చెప్పిన సార్. నాయిన అంగట్ల ఎన్నడు మోసపోలే సార్. నేనైతే సూడలే."

ముఖం ముడుచుకొని పెళ్ళిచూపుల్లో కూర్చున్నవాడిని, నేనేమంటాను? ఊరు ఊరంతా నవ్వినప్పుడు తన పక్కన నిలబడ్డ మనిషి చెప్పాడు. అది అతని మాట విన్నది. బీరప్ప కూడా నిర్లక్ష్యంగా చేయలేదు. తనకు వచ్చిన విద్యలో అన్నిటికంటే గొప్పదాన్ని, తన బిడ్డ కోసం తీసి వాడాడు.

నగరానికి పోయివచ్చిన రోజు

మరునాడు బీరప్ప, నేను పొద్దున రైలుకు నగరానికి పోయాము. కౌన్సెలింగ్ ఆఫీసులో ఒక మేడం మమ్మల్ని కూర్చోబెట్టి విన్నది. నేను నా బేరమంతా ఆడాను. పొగిడాను, బతిమాలాను, లేచి పోతున్నట్టు నటించాను కూడా. ఎవరూ వెనక్కి పిలవకపోతే మళ్ళీ నేనే వచ్చి కూర్చున్నాను. ఆమెకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. లాక్ అయిన ఆప్షన్లు తన చేతిలో లేవని చెప్పింది.

బీరప్ప అంతసేపూ తువ్వాల మడత మీద చెయ్యి పెట్టుకొని ఉన్నాడు. గొర్రెల అంగట్లో ధర నోటితో చెప్పరు, తువ్వాల కింద వేళ్ళు పట్టుకొని చెప్పుకుంటారు. ఆ గదిలో పట్టుకోవడానికి చెయ్యే లేదు.

"మేడం," అన్నాడు చివరికి, "గదే మొదలు అడిగుంటే ఇస్తుండ్రా?"

ఆమె తెర వైపు తిరిగి అనిత నంబరు కొట్టింది. ఏదో చూసింది. "ఇప్పుడు గా ముచ్చట ఎందుకు పెద్దాయనా," అంది.

రైల్లో నన్నూ అదే అడిగాడు. నాకు తెలియదన్నాను. అప్పటికి అది నిజమే. శంకర్‌పల్లి దాటాక, "అందరు తప్పు నాది అంటుండ్రు సారు. నాకు గదే సమజైతలేదు. అంగట్ల ఎన్నడు తప్పిపోయిన చెయ్యి కాదిది," అన్నాడు.

రెండు రోజులకు అనిత మళ్ళీ వచ్చింది. ఈసారి లోపలికి వచ్చింది. పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో దానితో పాటు కాలేజీకి వచ్చిన కవిత అనే పిల్లదీ, దీనిదీ ఒకటే కేటగిరీ. కవిత మార్కులు అనిత కంటే తక్కువ. నగరంలోని సర్కారు కాలేజీ సీటు కవితకు వచ్చింది. అంటే అనితకు రావాల్సిందే.

"నాయినకు చెప్పకుండ్రి సార్," అంది. "అడుగుతడు. మొదలు పెట్టినా రాకపోతుండె అని చెప్పుండ్రి. మీరు చెప్తే నమ్ముతడు."

సుగుణ మేడం ఆ రోజు గుర్తుకు రాలేదంటే అబద్ధం. గుర్తుకు వచ్చింది. చిరిగినదాన్ని చిరగలేదని చెప్పమంటోంది ఈ పిల్ల. చెప్పాను. బీరప్ప వచ్చి, "నిజం చెప్పుండ్రి సారు," అంటే, ర్యాంకు అందలేదు, ఎక్కడ పెట్టినా రాకపోయేది అన్నాను. అతను తల ఊపాడు. మన రాత గంతే అని లేచిపోయాడు.

అనిత ఆ దూరపు కాలేజీలో చేరలేదు. ముసలమ్మను వదిలి పోలేదు. ముసలమ్మ ఆ చలికాలమే పోయింది. అప్పటికి గడువులన్నీ అయిపోయాయి. మరుసటి ఏడు మళ్ళీ రాసింది గానీ మనసు పెట్టలేకపోయింది, అర్హత గీత కూడా దాటలేదు. మూడోసారి రాయమని నేను అడిగాను. నాయినకు మళ్ళ మందను ఇడిసిపెట్టి ఇంట్ల కూసునే పని పెట్టను సార్ అంది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసింది. ఇప్పుడు తాండూరులో ఒక ల్యాబులో రక్తం తీస్తుంది. నా రక్తం కూడా అదే తీస్తుంది. నొప్పి తెలియదు. బయటికి వచ్చాక నాకు కాసేపు ఎటు పోవాలో తోచదు.

కొత్తగా చేరినవాళ్ళకు

ఇందులోంచి నేను నేర్చింది మీకు పనికొచ్చేలా చెప్తాను. ఆప్షన్ల వరుస పిల్లకు చెప్పి ఊరుకోకండి. ఇంట్లో మాట చెల్లేది ఎవరిదో కనుక్కొని ఆ మనిషికి చెప్పండి. అదీ అతని పని మాటల్లో చెప్పండి. ఇది అంగడి కాదు, అమ్మేవాడు లేడు, నీ కన్ను చూసి ధర పెంచేవాడు లేడు, కడుపులో ఉన్నది ఉన్నట్టు ముందు చెప్పుకోవాలి అని చెప్పండి. జీవితమంతా కావాల్సింది దాచుకొని బతికినవాళ్ళకు ఇది చాలా కష్టమైన సంగతి. ఒక్కసారి చెప్తే ఎక్కదు.

తక్కువ మార్కుల పిల్ల అడిగేది కూడా తక్కువే ఉండాలని మాత్రం అనుకోకండి. దానికి ఉన్న ఒక్క చోటునే అది గట్టిగా అడగాలి. మార్కులు దండిగా ఉన్నవాడు వరుస తప్పినా ఎక్కడో ఒకచోట తేలుతాడు. అంచు మీద ఉన్న పిల్లకు వరుసే దిక్కు.

ఇక, నేను ఆడిన అబద్ధం సరైనదా కాదా అంటే నాకిప్పటికీ తేలలేదు. అబద్ధం ఎవరి కోసం ఆడామో వాళ్ళ దగ్గర అది పనిచేసిందా లేదా అన్నది మాత్రం తెలిసింది.

నిరుడు

నేను రిటైరయ్యాక నిరుడు బీరప్ప ఇంటికి వచ్చాడు. తమ్ముడి బిడ్డ నీట్ రాసింది, మార్కులు తక్కువే, జర ఆప్షన్లు మీరే పెట్టియ్యుండ్రి అన్నాడు. ముగ్గురం ఇంటర్నెట్ సెంటరుకు పోయాము. పిల్ల, నేను లోపల కూర్చున్నాం. బీరప్ప రాలేదు. బయట, నాపరాళ్ళ మెట్ల మీద రోడ్డు వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

పిల్ల పేర్లు వెతుకుతుంటే నేను బయటికి పోయి, ఎండలో ఎందుకు, లోపలికి రా బీరప్పా అన్నాను.

"నేను రాను సారు. వస్తే నా నోరు ఊకోదు."

ఆ మాటతోనే నాకు తెలిసిపోయింది. ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"కవితోల్ల నాయిన అంగట్ల కలిసిండు సారు, ఎనకట. మీ బిడ్డకు మార్కులు మంచిగనే ఉండె గదా, మా దానికంటె ఎక్కువనే ఉండె గదా, గదెట్లాయె అన్నడు. పాపం, ఆయన మంచికే అడిగిండు." చేత్తో మెట్టు మీది దుమ్ము తుడిచాడు. "గప్పటికి అనిత ల్యాబు సదువుకు వోతుండె."

నేను చెప్పిన అబద్ధం గురించి ఏదో అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెప్పమంటె మీరు చెప్పిండ్రు సారు. ఎవరు చెప్పమన్నరో గూడ ఎరుకే. అనితకు మాత్రం చెప్పకుండ్రి. నాయినకు ఎరుకలేదు అనుకొనే అది నా ముంగట నవ్వుతది."

లోపల నుంచి పిల్ల కేకేసింది. "పెదనాయినా, అనితక్క అడిగిన కాలేజే మొదలు వెట్టిన, లాక్ చెయ్యాల్నా?"

బీరప్ప తిరిగి చూడలేదు. అంతలో అతని జేబులో ఫోను మోగింది. లాక్ చేయడానికి ఓటీపీ ఆ నంబరుకే వచ్చింది. ఫోను తీసి, వెనక్కి తిరగకుండానే, చెయ్యి నా వైపు చాపాడు.

"మీరే చెప్పుండ్రి సారు," అన్నాడు.